మోటార్ పెట్టించాక కాళ్లకి పనే లేదు!

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, కందుకూరులో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రెండేళ్ల కింద మిషన్‌కి మోటార్ పెట్టించాం, అప్పట్నించీ పొద్దున కూర్చుంటే మళ్లీ అన్నానికే లేవడం. మొన్న పరగడుపున షుగర్ 112 వచ్చింది, మందులు ఇప్పుడే వద్దు, రోజూ నడవమ్మా అన్నారు డాక్టర్ గారు. మొదటిరోజే గంట నడిచా, తెల్లారి మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోయా, ఇంక మానేశా. ఇంటి పనంతా నేనేగా చేసేది, అది చాలదా?

జవాబు: అక్కా, ఇంటి పని లెక్కలోకి రాదని ఎవరన్నారు, వస్తుంది. బకెట్ మోసినా ఇల్లు తుడిచినా ఒళ్లు కదిలినట్టే. కాకపోతే ఆ పనయ్యాక నాలుగైదు గంటలు స్టూలు మీద అలా ఉండిపోతున్నారు చూడండి, చిక్కంతా అక్కడే. కాలితో తొక్కినన్నాళ్లు పిక్కలకి కాస్తో కూస్తో పని ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. మోటార్ తీసేయమని అననులెండి, దసరా సంక్రాంతి రద్దీలో అది లేకపోతే మీ పని ఏమవుద్దో మా ఇంట్లో కుట్టేవాళ్లని చూసి నాకు తెలుసు.

112 అంటే షుగర్ వచ్చేసిందని కాదు, 100 నుంచి 125 దాకా గట్టు మీద ఉన్నట్టు, ఇటు దిగొచ్చు అటు పడొచ్చు. ఇటు దిగడానికి కండరాలే సాయం, ఎందుకంటే కండ కదిలేటప్పుడు రక్తంలో చక్కెరని ఇన్సులిన్ కోసం కూడా ఎదురు చూడకుండా లాగేసుకుంటుంది. అందుకే రాత్రి అన్నం తిన్నాక వీధి చివరిదాకా పోయి రండి, పది నిమిషాలు, అంతే. వారం తర్వాత పదిహేను చేయండి. పెద్దవాళ్లకి వారానికి 150 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది గానీ, ఒకేసారి చేయాలని లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కే. మీరు ఒక్కరోజులోనే గంట కొట్టేశారు, మోకాళ్లు మాత్రం ఏం చేస్తాయి పాపం! స్పీడు ఎంతంటే, పక్కన వదిన ఉంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత. అరిగిన హవాయి చెప్పులతో వద్దు, మడమ పట్టి ఉంచే బూట్లు ఒక జత కొనుక్కోండి.

ఇంకోటి, బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా చేతులు ఆనించకుండా స్టూలు మీంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, మెట్లు దిగేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది. వారంలో రెండ్రోజులన్నా ఇలాంటి బలం పెంచే పని ఉండాలి, వాకింగ్ ఒక్కటే చాలదు.

రోహిణి కార్తెలో మన ఎండ సంగతి తెలిసిందే, అప్పుడు తెల్లారి ఆరులోపే, లేదంటే పొద్దుగూకాక డాబా మీదే నడవండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి పోండి. మోకాలు వాచి తగ్గకపోయినా అంతే, జండూబామ్ రాసుకుని ఊరుకోవద్దు. మూడు నెలలయ్యాక పరగడుపున మళ్లీ రక్తం ఇచ్చి, ఎంతొచ్చిందో మాకూ రాయండి.