సెస్నాలో రెండో హొరైజన్

ప్రశ్న: అమెరికాలో మాకు పాత సెస్నా 172 ఉంది. హొరైజన్‌ని (విమానం వంపును చూపే మీటరు) నడిపే వాక్యూమ్ పంపు పోతే ఆదుకునేలా గార్మిన్ జీ5 (ఎలక్ట్రానిక్ హొరైజన్) పెట్టించాలి. అనుమతి ఎలా? సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది, కొనొచ్చా?

జవాబు: ముందు పార్ట్ నంబర్ చూడండి. ఎక్స్‌పెరిమెంటల్ (సొంతంగా కట్టుకునేలాంటి) విమానాలకు అమ్మే జీ5 అచ్చం ఇలాగే ఉంటుంది, మీ సెస్నాకు మాత్రం చెల్లదు.

సర్టిఫైడ్ జీ5కి ఎస్‌టీసీ (మార్పు డిజైన్‌కు ముందే ఇచ్చిన ఆమోదం) ఉంది, కొత్తగా అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. ఆమోదిత జాబితాలో మీ మోడల్ ఉంటే చాలు. ఐఏ (తనిఖీ అధికారం) ఉన్న మెకానిక్ ఫారం 337 (పెద్ద మార్పుల నమోదు పత్రం) మీద సంతకం చేసి, విమానాన్ని సర్వీసుకు వదిలిన 48 గంటల్లోపు ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏకి (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పంపాలి. లాగ్‌బుక్ ఎంట్రీ, బరువు లెక్కల సవరణ మామూలే.

పాత వాక్యూమ్ హొరైజన్‌ని ఉంచి, టర్న్ కోఆర్డినేటర్ (విమానం తిరిగే వేగం చూపే మీటరు) స్థానంలో జీ5 పెట్టడం మేలు. కానీ ఎస్‌టెక్ ఆటోపైలట్ ఉంటే జాగ్రత్త, చాలావాటికి సిగ్నల్ ఆ టర్న్ కోఆర్డినేటర్ నుంచే వెళ్తుంది. తీసేస్తే ఆటోపైలట్ మూగబోతుంది.

జీ5 కలపడానికి స్టాటిక్ గొట్టం (బయటి గాలి పీడనాన్ని ఆల్టీమీటర్ వంటి మీటర్లకు చేర్చేది) విప్పారంటే, ఐఎఫ్‌ఆర్‌లో (మీటర్ల ఆధారంగా నడిపే పద్ధతిలో) ఎగిరే ముందు లీక్ పరీక్ష తప్పదు: ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటరు) 1000 అడుగులు ఎక్కువ చూపేలా గొట్టంలోని గాలిని పీల్చి వదిలితే, ఆ రీడింగ్ నిమిషంలో 100 అడుగులకు మించి పడకూడదు. పడిందంటే సాధారణంగా సరిగా బిగించని ఫిట్టింగే కారణం.