నాన్నని తీసుకుని లింక్స్ గోల్ఫ్ ఆడటానికి వస్తున్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. రిటైరైన మీ నాన్నని తీసుకొచ్చి స్కాట్లాండులో లింక్స్ కోర్సుల మీద, అంటే సముద్రపు ఒడ్డు ఇసుక నేలల మీది గోల్ఫ్ మైదానాల్లో, ఆడిస్తానన్న నీ మాట మీ మామయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనకుండా గ్యారేజీలోకి వెళ్ళి పాత గోల్ఫ్ బ్యాగు దులుపుతూ కూర్చున్నారు. అన్నయ్య కడుపున ఇలాంటి కొడుకు పుట్టాడని నాకు పట్టరాని సంతోషం. కానీ షీటు కిందికి జరిపేకొద్దీ గుండెల్లో రాయి పడింది. ఏడు రోజుల్లో ఎనిమిది కోర్సులా? సోమవారం ప్రెస్ట్‌విక్, బుధవారం డోర్నాక్, మర్నాడు పొద్దున్న ఏడింటికి కార్నూస్టీనా? మీ నాన్న కాళ్ళకి బలపాలు కట్టి తిప్పుదామనుకుంటున్నావా?

ముందు అందరికీ తెలిసిన సంగతులు చెప్పేస్తాను. వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆ రోజే చెయ్యి. మీ క్లబ్బు నుంచి ఇద్దరి హ్యాండిక్యాప్ సర్టిఫికెట్లు (ఎవరు ఏ మాత్రం ఆడతారో అంకెలో చెప్పేవి) తీసుకో, పెద్ద కోర్సుల్లో అడుగుతారు. మన లైసెన్సుతో ఇక్కడ కారు నడపొచ్చు, బండి కూడా ఎడమ పక్కనే. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు నాన్న స్టెంటు సంగతి దాచకుండా రాయి, దాస్తే తర్వాత ఒక్క పౌను రాదు.

ఇక దారి. ప్రెస్ట్‌విక్ పడమటి తీరాన ఉంది. డోర్నాక్ ఉత్తరాన, ఇన్వర్నెస్ కూడా దాటాక. సెయింట్ ఆండ్రూస్ నుంచి డోర్నాక్‌కి కారులో నాలుగు గంటలు పడుతుంది. చరిత్ర అంటే నీకెంత పిచ్చో నాకు తెలుసు. ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ 1860లో మొట్టమొదట ప్రెస్ట్‌విక్‌లోనే జరిగింది. అప్పటికి అక్కడున్నవి పన్నెండు హోల్స్ (బంతిని చేర్చాల్సిన గుంతలు), ఆడినవాళ్ళు ఎనిమిది మంది, ఒక్క రోజులో మూడు రౌండ్లు తిరిగి ముగించారు. డోర్నాక్ సంగతీ తెలుసు, అమెరికాలో వందల కోర్సులు గీసిన డొనాల్డ్ రాస్ పుట్టిన ఊరది. అయినా ఈసారికి ఆ రెండూ కొట్టెయ్. తూర్పు తీరం దాటకు. ఎడిన్‌బరా నుంచి అరగంట రైలు ప్రయాణంలో నార్త్ బెర్విక్ ఉంది. అక్కడ పదమూడో గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ముందు అడ్డంగా పాత రాతి గోడ ఉంటుంది, బంతి దాన్ని దాటాల్సిందే. పదిహేనో హోల్ పేరు రెడాన్, ప్రపంచమంతా కాపీ కొట్టింది దాన్నే. ఆ తర్వాత మా ఇంటికి వచ్చేయండి. ఇక్కణ్ణుంచి సెయింట్ ఆండ్రూస్, క్రెయిల్, ఈలీ దగ్గరే, కార్నూస్టీ కూడా పెద్ద దూరం కాదు. ఈలీలో మొదటి టీ దగ్గర, అంటే తొలి దెబ్బ కొట్టే చోట, జలాంతర్గామి నుంచి తీసిన పెరిస్కోపు పెట్టారు. గుట్ట అవతల ముందు వెళ్ళినవాళ్ళు కదిలారో లేదో అందులోంచి చూసి కొట్టాలి. మీ నాన్న దాన్ని వదిలి కదలడు చూడు.

నాలుగు కోర్సులు చాలు. వాటిలో ఒకటి రెండుసార్లు ఆడండి. లింక్స్ నేల సముద్రానికీ పొలాలకీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల. దున్నడానికి పనికిరాదు కాబట్టి గొర్రెలకీ కుందేళ్ళకీ వదిలేశారు. చెట్లు ఉండవు, గాలికి అడ్డుండదు. నిన్న వీపు మీద తోసిన గాలి ఇవాళ ముఖాన కొడుతుంది. నిన్న మూడు దెబ్బల్లో చేరిన గ్రీన్ ఇవాళ అయిదింటికీ అందదు. అదే హోల్ వేరే హోల్ అయిపోతుంది. ఆ మార్పు చూడకుండా రోజుకో ఊరు తిరిగితే నువ్వు చూసింది క్లబ్‌హౌసుల గోడల మీద ఫోటోలే.

సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సు కోసం మాత్రం ఆశ పెంచుకుని రాకండి. ముందు ఏడాదే బుక్ చేసుకున్నవాళ్ళు కాక మిగిలిన టీ టైములకి (ఆట మొదలుపెట్టే వేళలకి) రోజూ బ్యాలట్, అంటే లాటరీ, తీస్తారు. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండింటిలోపు పేర్లు ఇవ్వాలి, కనీసం ఇద్దరుండాలి. మీరిద్దరూ ఉన్నారు కాబట్టి వచ్చిన రోజు నుంచీ ప్రతిరోజూ వేయండి. రాకపోతే పక్కనే న్యూ కోర్సు ఉంది. 1895లో ఆ కాలపు పేరున్న గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ వేసింది. పేరుకే న్యూ, మన గోల్కొండ పక్కన గోల్ఫ్ ఆడటం మొదలుకాక ముందటిది.

నీ షీటులో ఆదివారం ఎదురుగా ఓల్డ్ కోర్సు అని రాశావు. ఒరేయ్, ఆదివారం అక్కడ ఆట లేదు! ఊరివాళ్ళ నేలరా అది. 1552 నాటి పత్రంలోనే ఆ ఇసుక మీద ఆడుకునే హక్కు ఊరివాళ్ళదని ఉంది. ఇవాళ్టికీ ఏ క్లబ్బుదీ కాదు, పార్లమెంటు చట్టంతో 1974లో ఏర్పడిన ట్రస్టు చూసుకుంటుంది. ఆదివారం నాడు కుక్కల్ని తీసుకుని, పిల్లల బళ్ళు తోసుకుంటూ ఊరంతా ఫెయిర్‌వేల మీద, అంటే ఆడే పచ్చిక బాటల మీద, నడుస్తారు. మామూలు రోజుల్లో కూడా మొదటి హోలూ పద్దెనిమిదో హోలూ కలిసిన పచ్చిక మధ్యలోంచి ఒక రోడ్డు పోతుంది, జనం ఆగి ఆగి దాటుతుంటారు. మొదటి ఆదివారం మీ అమ్మానాన్నల్ని అక్కడికి నడిపించుకెళ్ళు. పద్దెనిమిదో హోల్ దారిలో ఉన్న చిన్న రాతి వంతెన, స్విల్కన్ వంతెన మీద తీరిగ్గా నిలబడొచ్చు, వెనక ఎవరూ తొందరపెట్టరు. రెండు హోల్స్‌కి కలిపి ఒకే గ్రీన్ ఉన్నవి ఏడున్నాయి. ఆ జతల నెంబర్లు కూడితే ప్రతిసారీ పద్దెనిమిదే వస్తుంది. లెక్కల మాస్టారి కొడుకు మీ నాన్న, ఆ జెండాలు చూసి తనే కనిపెట్టాలి. నువ్వు ముందే చెప్పెయ్యకు.

మీ మామయ్యకి గోల్ఫ్ నేర్పింది ఎవరో తెలుసా? బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్ళు. ఆయన సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఈ ఫైఫ్ ప్రాంతంలో గని కార్మికుల ఊళ్ళో డాక్టరుగా చేరినప్పుడు, ఊపిరితిత్తులు పాడైపోయిన ఒక పెద్దాయన, రోజంతా మనుషుల్ని చూసి చూసి నువ్వే జబ్బుపడేలా ఉన్నావయ్యా అని, తన పాత క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు) రెండిచ్చి మున్సిపల్ కోర్సుకి లాక్కుపోయాడు. మన దగ్గర గోల్ఫ్ అంటే మెంబర్‌షిప్పు, పెద్ద గేటు, సెల్యూట్లు. ఇక్కడ స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడు సైకిలు గోడకి ఆనించి నాలుగు హోల్స్ ఆడి అన్నానికి ఇంటికి పోతాడు. ఆ పెద్దాయన పోయినప్పుడు మామయ్య శవపేటికకి భుజం పట్టారు. మీ నాన్నకి ఈ దేశపు గోల్ఫ్ చూపించు. ఖరీదైన చోట్లే తిప్పకు, ఏదో ఒక సాయంత్రం మసెల్‌బరా ఓల్డ్ లింక్స్‌లో తొమ్మిది హోల్స్ ఆడించు. ఒకప్పుడు ఓపెన్ జరిగిన నేలే అది. ఇప్పుడు గుర్రప్పందేల ట్రాకు మధ్యలో ఉంది.

ఇక అసలు సంగతి. ఇది కాస్త నిదానంగా చదువు.

మామయ్య క్లాస్‌మేటు ఒకాయన, విజయవాడలో పెద్ద సర్జన్, మే నెలలో మా ఇంటికొచ్చారు. బ్యాలట్‌లో ఓల్డ్ కోర్సు తగిలింది. ఆయన సంతోషం చెప్పలేను. మే నెల కదా అని కాటన్ చొక్కా మీద ఒక స్వెట్టర్ వేసుకున్నారు. వాన కోటు ఇస్తే చెయ్యి ఆడదని కారులోనే వదిలేశారు. వాళ్ళు ఆడుతుంటే నేను పక్కన నడిచాను. వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది, బంతి ఎన్నడూ పోనంత దూరం పోయింది, ఆయన నవ్వు చూసి తీరాలి. ఏడో హోల్ దగ్గర సన్నగా వాన మొదలైంది. వెనక్కి పోదామన్నాను. ఇంత డబ్బు కట్టాక, మళ్ళీ జన్మలో వస్తుందో రాదో ఈ అవకాశం, పోయే ప్రసక్తే లేదన్నారు.

ఆ కోర్సు ఎలా ఉంటుందో తెలుసుకో. ఊళ్ళో మొదలై ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటి దాకా తిన్నగా పోతుంది, అక్కడ చిన్న చుట్టు తిరిగి మళ్ళీ ఊళ్ళోకి వస్తుంది. అంటే సగం ఆట అయ్యేసరికి మనిషి గోడకీ పైకప్పుకీ అన్నింటికీ దూరంగా ఉంటాడు. అంతసేపూ వెనక తోసిన గాలి అక్కణ్ణుంచి ఎదురొస్తుంది. వాన ఇప్పుడు అడ్డంగా ముఖానికి కొట్టింది. స్వెట్టర్ నీళ్ళు పీల్చి మోకాళ్ళ దాకా సాగింది. పన్నెండో టీ దగ్గర ఆయన వంగి బంతిని నిలబెట్టే టీ పుల్లని నేలలో గుచ్చబోయారు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. పుల్ల జారిపోయింది. మళ్ళీ తీశారు, మళ్ళీ జారింది. ఎన్ని ఆపరేషన్లు చేసిన వేళ్ళురా అవి! అంతకు ముందు దాకా గజగజ వణుకుతున్న మనిషి వణకడం మానేశాడు. తట్టుకున్నాడేమో అని మామయ్య అనుకున్నారు. నాకు వెన్నులోంచి చలి పాకింది, ఎందుకంటే వణుకు ఆగడం ఒళ్ళు ఓడిపోతోందనడానికి గుర్తు. ఏ హోల్ ఇది అని అడిగితే నాలుక మడతపడి, తాగినవాడిలా ఏదో గొణిగారు.

ఆట ఆపించాను. కోర్సు మీద తిరిగే రేంజర్ బండి తెప్పించాడు. వెనక ఆడుతున్న ఒకాయన మంచి మనసుతోనే జేబులోంచి విస్కీ సీసా తీశాడు, వద్దని అడ్డుపడ్డాను. మందు పోస్తే చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి ఇంకా బయటికి పోతుంది. చేతులు రుద్దబోతే అదీ వద్దన్నాను. తడి బట్టలు విప్పి, పొడి బట్టలు చుట్టి, మాట తిరిగొచ్చాక చక్కెర దండిగా వేసిన వేడి టీ కొంచెం కొంచెంగా తాగించాను. రాత్రికి లేచి కూర్చుని రసం అన్నం తిన్నారు. ఆ పదకొండు హోల్స్ స్కోరు విజయవాడలో ఇప్పటికీ చెప్పుకుంటారట. నేను ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతాను. థర్మామీటరు పన్నెండు డిగ్రీలు చూపించింది ఆ రోజు. చలికాలం కాదు, మంచు కాదు, తడీ గాలీ కలిశాయి అంతే.

ఆయనకి గుండె జబ్బు లేదు. మీ నాన్నకుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండె మీద బరువు పడుతుంది. వాడుతున్న మాత్రల్లో బీటా బ్లాకర్ ఉంటే వేళ్ళు ఇంకా తొందరగా చల్లబడతాయి. వచ్చే ముందు కార్డియాలజిస్టుకి చూపించి, గాలిలో గంటల తరబడి నడుస్తారని స్పష్టంగా చెప్పు. ఉత్తినే గోల్ఫ్ అంటే ఆయన హైదరాబాదులో బగ్గీ మీద తిరగడం అనుకుంటాడు. ఇక్కడ నడకే. నాన్న బ్యాగు మోయడానికి క్యాడీని పెట్టు, వద్దంటాడు, వినకు.

ఒంటికి తగిలేది ఏదీ కాటన్ కాకూడదు. లోపల సన్నటి ఉన్ని, పైన ఇంకో పొర, దాని మీద నిజంగా నీళ్ళు ఆపే కోటూ ప్యాంటూ. ఇవి అక్కడ కొనకు, ఇక్కడికొచ్చాక నేను దగ్గరుండి కొనిపిస్తాను. చెవులు కప్పే ఉన్ని టోపీ, వానకి పనికొచ్చే గ్లవుజులు రెండు చేతులకీ, బ్యాగులో ప్లాస్టిక్ కవర్లో మూసిన పొడి సాక్సులు. ఫ్లాస్కు నాది. టీ టైము పదింటికి ముందు వద్దు. జూన్ పెట్టుకో, రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది, పొద్దున్నే లేచి పరుగెత్తాల్సిన పని లేదు.

ఇంకొకటి. మీ నాన్న టీ పుల్ల జారవిడిచినా, గ్లవుజు విప్పుకోలేకపోయినా, స్కోరు తప్పు చెప్పినా, అక్కడికక్కడ ఆట ఆపు. ఎంత కట్టావన్నది గుర్తుకి రానివ్వకు. ఆయన తిడతాడు. తిట్టనీ. మీ తాతయ్య పోయినప్పుడు నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను. ఫ్లైటు దొరికి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు గుమ్మంలో నన్ను పట్టుకున్నది మీ నాన్నే. నాకు మిగిలిన అన్నయ్య ఒక్కడేరా.

ఆట గురించి నాకంటే మామయ్య బాగా చెబుతారు, ఆయన రాయమన్నవి రాస్తున్నాను. బంతిని గాల్లోకి ఎత్తొద్దట, నేల గట్టిగా ఉంటుంది, పడ్డాక ఇంకా దొర్లుతుంది. గ్రీన్ బయట ముప్ఫై గజాల నుంచి కూడా పుట్టర్ (బంతిని నేల మీద దొర్లించే క్లబ్బు) తీయమన్నారు. లోతు బంకర్‌లో (ఇసుక గుంతలో) పడితే జెండా వైపు చూడకుండా పక్కకైనా వెనక్కైనా బయటికి కొట్టమన్నారు. కార్నూస్టీ పద్దెనిమిదిలో బారీ వాగు దగ్గర ధైర్యం చేయొద్దట. 1999 ఓపెన్‌లో ఫ్రాన్సు ఆటగాడు వాన్ డి వెల్డ్ మూడు దెబ్బల ఆధిక్యంతో ఆ హోల్‌కి వచ్చి, చివరికి ప్యాంటు మడిచి ఆ నీళ్ళలో నిలబడ్డాడు, కప్పు చేజారిపోయింది.

మీ అమ్మ హోటల్లో కూర్చుంటానంటోందని రాశావు. ససేమిరా ఒప్పుకోను. ఓల్డ్ కోర్సు పక్కనే హిమాలయాస్ అని ఎత్తుపల్లాల పుట్టింగ్ మైదానం ఉంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళని పెద్ద కోర్సుల మీద చెయ్యెత్తి కొట్టనిచ్చేవాళ్ళు కాదు, అందుకని 1867లో వాళ్ళే క్లబ్బు పెట్టుకుని అక్కడ ఆడటం మొదలుపెట్టారు. ఇప్పుడు కొద్ది పౌన్లిస్తే ఎవరైనా ఆడొచ్చు. వదినా నేనూ ఒక జట్టు, నువ్వూ మీ నాన్నా ఒక జట్టు.

షీటు మార్చి ఈ వారంలో మళ్ళీ పంపు. టికెట్లు కొనేముందు ఫోన్ చెయ్. వదినతో గోంగూర పచ్చడి పెట్టించి గట్టిగా ప్యాక్ చేయించు, నెయ్యి మాత్రం తేవొద్దు, పాల పదార్థాలు ఇక్కడికి రానివ్వరు. నాన్న మందుల చీటీ ఫోటో తీసి ఇవాళే నాకు పెట్టు.

మీ అత్త