ఎవరి మాట వారి పేరుతోనే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

చేనేత కుటుంబాలవాళ్లు చెప్పిన మాటలతోనే పుస్తకం తేవాలనుకుంటున్నానని రాశావు. అయితే మెక్సికో పాత్రికేయురాలు ఎలెనా పోనియతోవ్‌స్కా పని చూడు. ఆవిడ దగ్గర నేర్చుకోవలసినదీ ఉంది, జాగ్రత్తపడవలసినదీ ఉంది.

ఆవిడ 1932లో పారిస్‌లో పుట్టారు. తండ్రిది పోలండ్ రాచవంశం. పదేళ్ల వయసులో తల్లి దేశమైన మెక్సికోకు వచ్చి, స్పానిష్ భాషను ఇంట్లో పనివాళ్ల దగ్గర నేర్చుకున్నారు. 1953లో ఎక్సెల్సియోర్ పత్రికలో చేరి ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. దియెగో రివేరా అంతటి చిత్రకారుణ్ణి పట్టుకుని, మీవి పాలపళ్లా అని అడిగిన మనిషి! అలా అమాయకంగా అడగడం నేర్చుకో. అయితే మగ్గం గురించి చదువుకునే వెళ్లు. ఆ చదువు వాళ్ల ముందు ఒలకబోయకు.

తర్వాత ఒక చాకలి పని చేసే ముసలావిడ ఇంటికి బుధవారం బుధవారం వెళ్లేవారు. మెక్సికో విప్లవంలో సైన్యం వెంట నడిచిన మనిషి ఆమె. టేపు రికార్డరు పెడితే కరెంటు ఖర్చని ఆమె గొణిగిందట. అందుకే విన్నది మనసులో ఉంచుకుని ఇంటికొచ్చి రాసుకునేవారు. 1969లో అది నవలగా వచ్చింది, ఆ ముసలావిడకు హెసూసా అనే మారుపేరు పెట్టి. నవల కాబట్టి కల్పనకు చోటుంది. నీ పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు.

నీకు దగ్గరి పుస్తకం 1971 నాటిది. 1968 అక్టోబరు 2న, ఒలింపిక్స్‌కు పది రోజుల ముందు, మెక్సికో నగరంలోని త్లతెలోల్కో కూడలిలో విద్యార్థుల సభపై సైన్యం కాల్పులు జరిపింది. ఎందరు పోయారో నేటికీ తేలలేదు. పత్రికలు నోరు మూసుకున్నాయి. ఆవిడ మాత్రం విద్యార్థుల్నీ, తల్లుల్నీ, జైల్లో ఉన్న నాయకుల్నీ కలిశారు. ఎవరి మాట కింద వారి పేరు పెట్టి పక్కపక్కనే అచ్చువేశారు. ఒకరి మాటకు మరొకరి మాట పొసగకపోయినా తీర్పు చెప్పలేదు. ఆ పుస్తకానికి విల్యాఉర్రుతియా అనే మెక్సికో సాహిత్య బహుమతి ఇస్తామంటే, చనిపోయినవాళ్లకు ఎవరిస్తారు బహుమతి అని తిరస్కరించారు. ఆ తెగువ అంటే నాకు గౌరవం.

కానీ 1997లో, ఆ విద్యార్థి ఉద్యమ నాయకుడూ రచయితా అయిన లూయిస్ గోన్సాలెస్ దె ఆల్బా బహిరంగంగా నిలదీశారు: నా మాటలు మార్చారు, కొన్నిటిని వేరేవాళ్ల నోట పెట్టారు అని. తర్వాతి ముద్రణలో ఆవిడ సరిదిద్దారు. స్పానిష్ సాహిత్యంలో పెద్ద గౌరవమైన సెర్వాంతెస్ పురస్కారం 2013 సంవత్సరానికి అందుకున్న చేయి కూడా అక్కడ తడబడింది. వందల కాగితాలు కలగలిస్తే నీకూ అదే జరుగుతుంది.

అందుకని గుమ్మం దిగకముందే ప్రతి కాగితం పైన చెప్పినవారి పేరు, ఊరు, తేదీ రాయి. నీ ఊహ ఏదైనా తోస్తే వేరే రంగు సిరాతో రాసుకో. ఒకే మనిషి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లు. మొదటిసారి అందరూ ముఖస్తుతే చెబుతారు. అచ్చుకిచ్చే ముందు రాసింది వాళ్లకు చదివి వినిపించు. చదవడం వచ్చినవాళ్లకూ చదివే వినిపించు, కాగితం చేతికిస్తే మొహమాటపడి బాగుందనేస్తారు.

మొదటి నలుగురి మాటలు పూర్తయ్యాక నాకు పంపు. పేరు బయటపెట్టవద్దన్నవాళ్లెవరైనా ఉంటే, ఆ పేరు నాకు కూడా రాయకు.

ఇట్లు,
మీ పెద్దనాన్న