నీటిమట్టం చూసుకుని బయల్దేరండి

ప్ర: రాజమండ్రి నుంచి గోదావరి వెంట అంతర్వేది దాకా సొంత కారులో వెళ్లాలనుకుంటున్నాం. హైవే కాకుండా ఊళ్ల మీదుగా దారి చెప్పండి. ఏ నెలలో వెళ్తే మంచిది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జ: ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ ఎక్కండి. 1852లో పూర్తయిన పాత ఆనకట్టలాగే ఇదీ నాలుగు ముక్కలు. రెండు ముక్కలు దాటితే బొబ్బర్లంక. అక్కడ ఎడమకు తిరిగి ఆత్రేయపురం, ర్యాలి మీదుగా రావులపాలెం చేరుకోండి. ర్యాలిలో ఒకే రాతి విగ్రహానికి ముందువైపు కేశవస్వామి, వెనకవైపు మోహిని. వెనక్కి వెళ్లి చూడకపోతే సగమే చూసినట్టు. తర్వాత కొత్తపేట, అమలాపురం, రాజోలు, సఖినేటిపల్లి, అక్కణ్నుంచి అంతర్వేది. మొత్తం 150 కిలోమీటర్ల లోపే అయినా ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి. కాలవగట్ల రోడ్లు ఇరుకు, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే.

డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. భీష్మ ఏకాదశి రోజుల్లో మాత్రం అంతర్వేదిలో కల్యాణోత్సవాలు, కారు కదలదు. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, కుప్పల చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో అవి కనబడవు కాబట్టి పొద్దుగూకేలోపు బస చేరండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూడకుండా కదలొద్దు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక జారీ చేశారంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. లంకల (నది మధ్య దిబ్బల) దారులు మునగడం మొదలవుతుంది.

ప్ర: సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి కారును పంటు (వాహనాలను ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటించవచ్చా?

జ: రేవులో పంటు తిరుగుతూ, కార్లు ఎక్కిస్తున్నారంటేనే. ఆ సంగతి రాజోలులోనే కనుక్కోండి. వరద ఉంటే పంటు ఆపేస్తారు. అప్పుడు దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా నరసాపురం రావచ్చు.

ఇక్కడ గోదావరి పాయ వశిష్ఠకు సముద్రపు పోటు తగులుతుంది. పాటు వేళ నీరు దిగి, ఎక్కే చోటు బాగా ఏటవాలవుతుంది. ఎత్తు తక్కువ కార్లకు అడుగుభాగం రాసుకునేది అప్పుడే. అందరినీ దింపేసి, డ్రైవరు ఒక్కరే మొదటి గేరులో, మధ్యలో ఆగకుండా ఎక్కించాలి. ఎక్కాక హ్యాండ్‌బ్రేకు వేసి, కారును గేరులోనే ఉంచి, చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టమనండి.

ప్ర: అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా కారు పోతుందా?

జ: గట్టి నేల అయిపోయిన చోటే ఆపి నడవండి. ఇసుకలో దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు, చక్రం ఇంకా లోతుకు తవ్వుకుంటుంది. చక్రాల ముందు ఇసుక తీసి, కారులోని మ్యాట్లు పరిచి, టైర్లలో గాలి 18-20 పీఎస్‌ఐకి తగ్గించి నెమ్మదిగా కదిలించండి. రోడ్డెక్కాక తక్కువ వేగంతో వెళ్లి మళ్లీ గాలి నింపించండి. ఇంటికి చేరగానే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు ఉంటే తుప్పు పడుతుంది.