పల్మనాలజీ పీజీ కోసం పొలం అమ్మాలా?

ఖమ్మం జిల్లా నుంచి ఒక మాస్టారు అడిగారు: వయసు 56, ప్రభుత్వ టీచరు. అమ్మాయి ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ అయ్యాయి, ఊపిరితిత్తుల డాక్టరే అవుతానంటోంది. నీట్ పీజీ మొదటి ప్రయత్నంలో వచ్చిన ర్యాంకుకి ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు దొరుకుతుంది, ఏడాదికి 24 లక్షలు, మూడేళ్లకు 72 లక్షలు. 40 లక్షలు లోను తీసుకుని, మిగతా 32 లక్షలకు జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి) తీసి, పొలం అమ్మొచ్చా అని.

మాస్టారూ, సూటిగా చెప్తాను, ఈ ఏడాది ఆ సీటు వద్దు.

ఎందుకో చూడండి. లోను మూడు విడతల్లో వస్తుంది, 10 శాతం వడ్డీ అనుకుందాం. చదివే 3 ఏళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టక్కర్లేదని బ్యాంకువాళ్లు చెప్తారు గానీ వడ్డీ ఆగదు కదా, బారువడ్డీ లెక్కన చూసినా 12 లక్షలు కలిసి అసలు 52 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 68,700. అది మొదలయ్యేది మీకు 60 ఏళ్లప్పుడు, 61కి రిటైర్మెంట్. అంటే అమ్మాయి జీతం కుదురుకునేదాకా ఆ భారం మీ పెన్షన్ మీదే. పైగా ఎండీ తర్వాత డీఎం (సూపర్ స్పెషాలిటీ చదువు) చేస్తానంటే ఇంకో 3 ఏళ్లు స్టైపెండే!

పల్మనాలజీలో మనకు కలిసొచ్చేది ఒకటుంది. రేడియాలజీ, డెర్మటాలజీ సీట్లలా మొదటి ర్యాంకులకే అయిపోవు. కాబట్టి అమ్మాయిని ఏడాది డ్యూటీ డాక్టరుగా చేస్తూ మళ్లీ నీట్ పీజీ రాయమనండి. కన్వీనర్ కోటా (రాష్ట్రం భర్తీ చేసే సీట్లు), ఆల్ ఇండియా కోటా రెండింట్లోనూ చివరి రౌండుదాకా ఆప్షన్లు పెట్టాలి, డీఎన్‌బీని (ఆసుపత్రుల్లో చేసే, ఎండీతో సమానమైన పీజీ) చిన్నచూపు చూడొద్దు, అదీ 3 ఏళ్లే, ఫీజు మాత్రం దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట సీటు వస్తే ఒక్క వార్డులో చూసే కేసులే ఆమెకు పెద్ద చదువు.

రెండోసారీ రాకపోతే? అప్పుడు మేనేజ్‌మెంట్ సీటుకి వెళ్లండి, నేను కాదనను, ఇష్టమైన సబ్జెక్టు కోసం ఆ మాత్రం అప్పు చేయొచ్చు. కానీ పొలమైనా అమ్మండి, జీపీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు. మీరూ అమ్మగారూ బతకాల్సిన డబ్బు అది, రిటైరయ్యాక దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు. అమ్మేముందు ఒకటి చూసుకోండి, 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా తనఖా అడుగుతాయి, పొలం పోయాక ఇల్లు పెట్టాల్సి రావచ్చు.

స్టైపెండులో సగమైనా నెలనెలా వడ్డీకి కట్టించండి. ఆ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉంటేనే, అదీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి 8 ఏళ్లే.

ఇంకోటి. ఛాతీ వార్డులో పీజీలకు టీబీ సోకే ముప్పు నిజంగానే ఉంటుంది, అందుకని కాలేజీ ఇచ్చేది ఉన్నా సొంతంగా ఒక హెల్త్ పాలసీ తీసుకోండి. లోను అమ్మాయి పేరు మీదే ఉంటుంది కాబట్టి లోను మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ (ప్రాణానికి ఏదైనా అయితే డబ్బిచ్చే బీమా) కూడా ఆమె పేరు మీద మొదటి విడత రాకముందే తీసుకోవాలి.