బండి లేటేటి?

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారిది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పెళ్ళయి మూడేళ్ళు. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి వారమేసి రోజులు ఉంటాం. అత్తగారు, మామగారు మంచివాళ్ళే. కానీ తెల్లారి అయిదింటికే వాకిట్లో మాటలు మొదలవుతాయి. బాత్రూం పెరటి చివర ఉంటుంది. పలకరించడానికి వచ్చేవాళ్ళు రోజంతా వస్తూనే ఉంటారు, వచ్చిన ప్రతివాళ్ళూ "ఇంకా పిల్లల్లేరేటి?" అంటారు. నాలుగో రోజుకి నాకు తలనొప్పి పట్టుకుంటుంది. శ్రీకాకుళం టౌన్లో మాకు బాగా నచ్చిన హోటల్ ఒకటుంది. తిరిగొచ్చేటప్పుడు ఒక రాత్రి అక్కడ ఉందామంటే మావారు సరేనంటారు, అత్తగారు మాత్రం "ఇంట్లో మంచం లేదేటి?" అని ముఖం ముడుచుకుంటారు. నాది తప్పా?
– ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: తప్పేమీ లేదమ్మా. కానీ మీ అత్తగారి బాధ మంచం గురించి కాదు. కొడుకూ కోడలూ ఇల్లు వదిలి టౌన్లో పడుకున్నారని తెలిస్తే వీధిలో నలుగురూ "ఏటి, తగువా?" అని అడుగుతారు. వాళ్ళకి జవాబు చెప్పుకోవలసింది ఆవిడ. అప్పటికి మీరు ఏసీ గదిలో దుప్పటి కప్పుకుని ఉంటారు.

ఈ విషయంలో నాకు అనుభవం ఉంది. మాది తెనాలి. కృష్ణ, గోదావరి, నాగావళి, వంశధార దాటించి నన్ను మీ అత్తగారి ఊరి వైపే ఇచ్చారు. 1991 సంక్రాంతికి వెళ్ళాం. ముక్కనుమ మర్నాడు పొద్దున్నే బయల్దేరుతూ "సాయంత్రం బండి" అని ఇంట్లో చెప్పాం. అసలు టికెట్టు మర్నాటిది. శ్రీకాకుళం బస్టాండుకి కాస్త దూరంలో కింద టిఫిన్లు, పైన ఆరేడు గదులు ఉన్న హోటల్లో దిగాం. గదిలో ఏముంది? ఒక ఇనప మంచం, కిర్రుమనే ఫ్యాను, గోడకి కిరాణా కొట్టువాళ్ళ క్యాలెండరు. కానీ తలుపుకి లోపలివైపు గడియ ఉంది. అత్తారింట్లో పగటిపూట ఆ గడియ వేసుకునే ధైర్యం నాకు రెండేళ్ళయినా రాలేదు. ఆ మధ్యాహ్నం ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాం.

నాలుగింటికి లేచి మొహాలు కడుక్కుని కిందికి దిగాం. మా ఆయన వడని సాంబారులో ముంచి, నోటిదాకా తెచ్చి, అక్కడే ఆపేశాడు. గుమ్మంలో మామగారు! భుజాన తువ్వాలు, చేతిలో అరిసెల డబ్బా. మేం మంచం కింద మరిచిపోయి వచ్చిన డబ్బా అది. స్టేషన్లో అందిద్దామని ఆయన బస్సెక్కారు. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ అది ఉన్నది ఆమదాలవలసలో, టౌనుకి 13 కిలోమీటర్ల దూరంలో. బస్సు మారాలి కదా, ఈలోగా ఒక టీ తాగుదామని లోపలికొచ్చారు. స్టేషను ఊళ్ళోనే ఉండుంటే మేం దొరికేవాళ్ళం కాదు!

ఆయన కోప్పడలేదు. వచ్చి మా బల్ల దగ్గరే కూర్చుని, డబ్బా మా ఇద్దరి మధ్యా పెట్టి, కొడుకు వంక చూసి "బండి లేటేటి?" అన్నారు. మా ఆయన "ఊఁ" అన్నాడు. మామగారు టీ సాసర్లో పోసుకుని చల్లార్చుకుని తాగారు, మా టిఫిను డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు, "జాగ్రత్తగా ఎల్లండి" అని వెళ్ళిపోయారు. అత్తగారికి ఎప్పుడూ చెప్పలేదని తరవాత తెలిసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మూడు అరిసెలు తిన్నాను.

అందుకని, ఏం చేసినా అబద్ధం మాత్రం ఆడకండి. శ్రీకాకుళం చిన్న టౌను. ఏడు రోడ్ల జంక్షన్లో ఒక పావుగంట నిలబడితే మీవారి మేనమామో, ఆయనకి లెక్కలు చెప్పిన మాస్టారో కనిపించి తీరతారు.

హోటల్ సంగతి మీరు ఎత్తకండి, మీవారి చేత చెప్పించండి. అదీ వెళ్ళాక కాదు, టికెట్లు తీసిన రోజే ఫోన్లో "శుక్రవారం దాకా ఇంట్లో ఉంటాం, ఆ రాత్రి టౌన్లో ఉండి శనివారం బండెక్కుతాం" అని చెప్పేయాలి. కొడుకు ముందే చెబితే అది ప్రయాణం ఏర్పాటు. కోడలు నాలుగో రోజున చెబితే అది అలక. మాట ఒకటే, ఏం చేస్తాం! ఆ రాత్రి చివరి రోజునే పెట్టుకోండి. మొదటి రోజే హోటల్లో దిగి స్నానాలు చేసుకుని ఊరికి వెళ్ళారో, ఇరవయ్యేళ్ళయినా వదలరు.

మీ మూడు బాధల్లో హోటల్ గది తీర్చేవి రెండే, నిద్ర, బాత్రూం. పిల్లల ప్రశ్న గదిదాకా రాకపోయినా మర్నాడు ఫోన్లో వస్తుంది. దానికి జవాబు మీవారు చెప్పాలి, మీ ముందే, గట్టిగా. అక్కడ ఆయన నవ్వి ఊరుకుంటే ఎన్ని నక్షత్రాల హోటలైనా మీ తలనొప్పి తగ్గించలేదు.

మేం చేసిన ఇంకో పని కూడా చెప్తాను. కొన్నేళ్ళకి అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం, పక్క గది తీసి. ఆవిడ ఏసీ చల్లదనానికి చెవులకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. అద్దె ఎంతో అడిగి, విని, "ఒక రేత్తిరికేనా!" అని గుండె మీద చెయ్యేసుకుంది. ఆ తరవాత, డబ్బు ఎలాగూ పోయింది కదా అన్నట్టు, గీజరు వేడినీళ్ళతో సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి స్నానం చేసింది. నాలుగ్గంటలకే తలుపు కొట్టి మమ్మల్ని లేపి అరసవల్లి తీసుకెళ్ళింది. మా విశ్రాంతి అలా ముగిసిందనుకోండి! కానీ వీధిలో ఎవరైనా అడిగితే "మేం టౌన్లో హోటల్లో దిగాం" అని చెప్పుకునేది. ఆ "మేం" వచ్చాక నాకు ఇంకెప్పుడూ పేచీ రాలేదు.

అరసవల్లి ఎలాగూ టౌనుని ఆనుకునే ఉంది కాబట్టి ఒక మాట. ఆదివారం, రథసప్తమి రోజుల్లో గది కోసం వెళ్ళకండి. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు తిన్నగా స్వామి పాదాల మీద పడతాయి, అప్పుడూ రద్దీయే. సాయంత్రం ఖాళీ ఉంటే శ్రీకూర్మం వెళ్ళండి. కూర్మావతారంలో స్వామి పశ్చిమం వైపు చూస్తుంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు. వాటిని చూస్తూ కూర్చుంటే తొందర అనేదే మరిచిపోతాం. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు ఇంకా బాగుంటుంది గానీ, హోటల్లో పడుకోవడానికి వెళ్ళి ఊళ్ళన్నీ తిరగడం ఎందుకు?

ప్రశ్న: మాది కరీంనగర్. మా ఇంటామెది విజయనగరం. ఈసారి సిరిమాను చూపిస్తానంటోంది. అత్తారిల్లు చిన్నది, బంధువులంతా వస్తారు. ఆ రెండు రోజులు హోటల్ గది తీసుకోవడం మంచిదా?
– ఒక అల్లుడు

జవాబు: మిగతా ఏ రోజైనా తీసుకోండి బాబూ, ఆ రెండు రోజులు మాత్రం వద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరవాత వచ్చే మంగళవారం, ముందురోజు సోమవారం తొలేళ్లు. అప్పుడు గది దొరకడమే కష్టం. దొరికినా హోటల్ నుంచి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి దాకా ఆ జనంలో నడవాలి. చింతమాను చివర ఆసనంలో పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వెళ్తాయి. జనం అరటిపళ్ళు విసురుతారు, ఒకటి రెండు మీకూ తగలొచ్చు. ఇవన్నీ చూడాలంటే హోటల్ కిటికీ కాదు, తెలిసినవాళ్ళ మేడ కావాలి. ఆ మేడ మీద చోటు మీ అత్తారి బంధువుల్లో ఎవరో ఒకరు ఇప్పిస్తారు. కాబట్టి రెండు రాత్రులు చాప మీద పడుకోండి. బుధవారం గది తీసుకుని రోజంతా నిద్రపోతే ఎవరూ ఏమీ అనరు, ఆ రోజు ఊరంతా నిద్రే.

అన్నట్టు, వాళ్ళింట్లో "అప్ప వచ్చింది" అంటే కంగారు పడకండి, అప్ప అంటే అక్క.

ప్రశ్న: శ్రీకాకుళం కోడలిగా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు మా అమ్మకి ఏం తేవాలి? – గుంటూరు నుంచి

జవాబు: పొందూరు ఖాదీ తెండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి వడికిన నూలు అది, ఎండాకాలం మీ గుంటూరుకి సరిగ్గా సరిపోతుంది. జీడిపప్పయితే పలాసలో గుండు, అంటే విరగని పప్పు, కొనండి. బద్ద పాయసంలోకి చాలు. డబ్బా మాత్రం మంచం కింద పెట్టకండి.