ఇజ్రాయెల్ తనని తాను కాపాడుకుంటుంటే గాజాలో మామూలు జనం చచ్చిపోతే ఆ పాపం ఎవరిది?

ప్రశ్న కింద "మొదలెట్టింది హమాస్, కాబట్టి లెక్కంతా హమాస్ ఖాతాలోకే, అవునా కాదా ఒక్క ముక్కలో చెప్పండి" అని కూడా రాశారు. ఒక్క ముక్కలో నా వల్ల కాదండి, కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమ. తొమ్మిదేళ్ళుగా అష్కెలోన్‌లో మెతపెలెత్ పని చేస్తున్నాను, అంటే ముసలివాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని. గాజా మాకు 13 కిలోమీటర్లు. సైరన్ మోగితే మాకుండే టైము 30 సెకన్లు. నేను చూసే మామ్మకి 2023లో 84 ఏళ్ళు, తుంటి ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని బాత్రూంకి వెళ్ళడానికే నాలుగు నిమిషాలు పడుతుంది, ఇంక 30 సెకన్లలో ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? కొత్త ఇళ్ళలో మమాద్ అని కాంక్రీట్ గది ఉంటుంది, 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత అది రూల్ చేశారు, మాది అంతకంటే పాత బిల్డింగు, మూడో అంతస్తు, అందరూ దాక్కునే మిక్లాత్ వీధి చివర. 2021 మే 11న ఇదే ఊళ్ళో మాలాంటి పనే చేసే కేరళ అమ్మాయి రాకెట్ పడి చనిపోయింది, ఆ ఇంట్లోనూ మమాద్ లేదు. అప్పట్నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే ఫస్ట్ మాట "ఆ గది ఉన్న ఇల్లు చూసుకోవే" అనే.

2023 అక్టోబర్ 7, శనివారం. ఉదయం ఆరున్నర, మామ్మకి డైపర్ మారుస్తున్నా. సైరన్. సగం మార్చింది అలాగే వదిలేసి, లేపే టైం లేదు, పరుపుతో సహా ఆవిడని కిందకి దించి వరండాలోకి లాక్కుపోయా, ఆ పరుపు తలుపు దగ్గర ఇరుక్కుంది, నేను ఏడుస్తూ లాగుతున్నా, ఆవిడేమో "నువ్వు మెట్ల దగ్గరికి పో, నేను ముసలిదాన్ని" అని తిడుతోంది. ఆ రోజు అలా ఎన్నిసార్లు లాగానో లెక్కపెట్టలేదు. తర్వాత టీవీలో తెలిసింది, గాజాని ఏలుతున్న హమాస్ వాళ్ళు సరిహద్దు దాటొచ్చి దాదాపు 1200 మందిని చంపారు, 251 మందిని ఎత్తుకుపోయారు. సెదెరోట్ ఊళ్ళో టూర్‌కి బయల్దేరిన ముసలివాళ్ళని కూడా బస్ స్టాప్ దగ్గర కాల్చేశారు, మా మామ్మ వయసు వాళ్ళు. నిజం చెప్తున్నా, ఆ రెండ్రోజులు గాజాని మొత్తం ఊడ్చి పారేసినా నాకు బాధ ఉండదు అనుకున్నా. మా ఊరి చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రవచనాలు నెరవేరుతున్నాయి అని మెసేజ్‌లు, వాటికి నేను కూడా ఆమేన్ పెట్టా.

అందుకని "ఇజ్రాయెల్‌కి తిరిగి కొట్టే హక్కే లేదు" అనేవాళ్ళతో నాకు పడదు. ఆ వరండాలో వాళ్ళు లేరు. ఏ దేశమైనా ఆ దాడి తర్వాత ఊరుకోదు, ఊరుకోమని ఎవరూ అనలేరు కూడా.

నా మనసు కొట్టుకోవడం మొదలైంది అక్టోబర్ 13న. ఉత్తర గాజాలో ఉన్న 11 లక్షల మంది 24 గంటల్లో దక్షిణానికి పోవాలని ఇజ్రాయెల్ సైన్యం నుంచి ఆర్డర్ వచ్చింది. అందరూ రాజకీయం మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఒక్కటే, అక్కడ తుంటి విరిగిన మామ్మలని ఎవరు లాగుతారు? అంతకి నాలుగు రోజుల ముందే, 9న, రక్షణ మంత్రి గాలంట్ గాజాకి కరెంటు, తిండి, డీజిల్ అన్నీ బంద్ అని ప్రకటించాడు. నేను ఆ ఇంట్లో కూర్చుని ఆక్సిజన్ మెషిన్ ప్లగ్గు వైపు చూస్తూ ఉండిపోయా. రోజూ రాత్రి ఆవిడకి అది పెడతాం.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు సంగతులు ఉన్నాయి. తిరిగి కొట్టొచ్చా అనేది ఒకటి. ఎలా కొట్టాలి, ఎవర్ని కొట్టాలి అనేది ఇంకోటి. మొదటిదానికి అవును అన్నంత మాత్రాన రెండోదానికి ఖాళీ చెక్కు రాసిచ్చినట్టు కాదు. యుద్ధ చట్టంలో కూడా అటు ఇన్ని శవాలు ఇటు ఇన్ని శవాలు సమానంగా ఉండాలని లేదు, అది అపోహ. ఒక దాడి వల్ల సైనికంగా వచ్చే లాభం ఎంత, దానికి మామూలు జనం ఎంతమంది పోతారో ముందే అంచనా వేయాలి, ఆ అంచనా లాభానికి మించిపోతే కొట్టకూడదు, అదీ రూలు. హమాస్ ఇళ్ళ కింద, జనం మధ్య సొరంగాలు తవ్వుకుంది, అది హమాస్ నేరమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ వాడు పిల్లాణ్ణి అడ్డం పెట్టుకున్నాడు అంటే ఆ పిల్లాడి ప్రాణం లెక్కలోంచి తీసేయొచ్చని కాదు. ఇక తిండి, నీళ్ళు ఆపడానికి ఈ లాభనష్టాల లెక్క కూడా పనికిరాదు. జనాన్ని ఆకలితో మాడ్చి యుద్ధం చేయడమే నిషేధం, ఏ కారణం చెప్పినా. 2024 నవంబర్‌లో ఐసీసీ, అంటే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, ప్రధాని నెతన్యాహుకీ గాలంట్‌కీ ఇచ్చిన వారెంట్లలో ఆ ఆరోపణ ఉంది, అదే రోజు హమాస్ కమాండర్ డేఫ్‌కీ ఇచ్చింది.

"వాళ్ళే కదా హమాస్‌కి ఓటేసింది" అంటారు. చివరి ఎలక్షన్ 2006లో. గాజాలో దాదాపు సగం మంది 18 ఏళ్ళ లోపువాళ్ళు, అప్పటికి పుట్టనే లేదు.

ఇంకోటి కూడా చెప్తా. 2023 డిసెంబర్ 15న గాజా సిటీలోని షెజాయా పేటలో ముగ్గురు చొక్కాలు విప్పేసి, కర్రకి తెల్ల గుడ్డ కట్టుకుని వస్తే ఇజ్రాయెల్ సైనికులే కాల్చేశారు. తీరా చూస్తే వాళ్ళు ఇజ్రాయెల్ బందీలే. మామ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రానికి ఒకే మాట అంది, "వాళ్ళు మనవాళ్ళు కాకపోయుంటే ఈ సంగతి మనకి తెలిసేదా?" ఆవిడ లెఫ్ట్ కాదు, రైట్ కాదు, బీబీకే, అంటే నెతన్యాహుకే, ఓటేసే మనిషి.

ఎవరు మొదలెట్టారు అనే దానికి కూడా నా దగ్గర గట్టి జవాబు లేదు. మేముండే పేట పేరు మిగ్దాల్. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడక ముందు ఇది అల్ మజ్దల్ అనే అరబ్బుల ఊరు, మన చీరాల, మంగళగిరిలా నేతపని ఊరు. అక్కడివాళ్ళు 1948 నుంచి 1950 లోపు గాజాకి చేరారు, చివర్లో మిగిలినవాళ్ళని పంపించేశారు. మామ్మ 1951లో మొరాకో నుంచి పన్నెండేళ్ళ పిల్లగా వస్తే వీళ్ళ కుటుంబానికి ఇచ్చిన ఇంట్లో మగ్గం అలాగే ఉందట, వాళ్ళ నాన్న చలికాలం దాన్ని పొయ్యిలో పెట్టాడట. హమాస్ పెట్టిన షేక్ యాసిన్ పుట్టింది కూడా ఈ పక్కనే అల్ జూరాలో. ఇదంతా చెప్తే అక్టోబర్ 7ని సమర్థిస్తున్నావా అంటారు. లేదండి. పరుపు లాగింది నేనే.

2025 అక్టోబర్‌లో కాల్పులు ఆగే సరికి చనిపోయినవాళ్ళ గురించి గాజా ఆరోగ్య శాఖ లెక్క 67 వేలు దాటింది. అందులో ఫైటర్లూ ఉన్నారు, ఆ లెక్క విడదీసి చెప్పరు. ఎంత తీసేసినా మిగిలేది చిన్న నంబర్ కాదు. నా మటుకు నాకు ఇది ఆత్మరక్షణ గీత ఎప్పుడో దాటిపోయింది. హమాస్ చేసింది హమాస్ ఖాతాలోనే ఉంది, అక్కడ ఒక్క పైసా తగ్గలేదు, కానీ ఇది వేరే ఖాతా.

మా బాల్కనీ రెయిలింగ్‌కి పెయింట్ వేయడానికి యుద్ధం ముందు గాజా నుంచి ఒకాయన వచ్చేవాడు. అప్పట్లో అలా పర్మిట్ మీద వచ్చేవాళ్ళు 18 వేల మందికి పైనే. సగం వేసి, పండగ సెలవులయ్యాక వస్తా అన్నాడు. తర్వాత పర్మిట్లన్నీ రద్దు, ఆ ఖాళీల్లోకి మన ఇండియా నుంచి తాపీ పనికీ సెంట్రింగ్ పనికీ జనాన్ని తెచ్చారు, నెలకి లక్షా ముప్ఫై ఏడు వేలు అంటే ఎవరు కాదంటారు. అలా వచ్చిన నిజామాబాద్ అబ్బాయి ఒకడు మొన్న శుక్రవారం నా చేపల పులుసు కోసం వచ్చి, ఊరికే కూర్చోలేక మిగతా సగం రెయిలింగ్ వేసిపెట్టాడు. రెండు తెలుపులూ కలవలేదు. మామ్మ చెయ్యి పెట్టి చూసి, పాత సగం మీద మాత్రం వేయొద్దు అంది.